ఓడినా ఎందుకొచ్చావ్, సైమీ?

"మీ గోల్‌కీపరుకి ఎడమవైపు కళ్ళు ఆనవేమో, ఒకసారి డాక్టరుకి చూపించండి," అన్నాను మైకులో.

"మా గోల్‌కీపరు సంగతి మాకు తెలుసులే. మీ కెప్టెన్ రేపు ఐసు మీద నిలబడతాడా, కుర్చీ వెయ్యమంటాడా?" అంది సైమి.

మా రేడియో ప్రోగ్రాం ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. మా ఊరు టాంపెరెలో రెండు ఐస్ హాకీ జట్లు: తోడేళ్ళు, డేగలు. ఈసారి ఫైనల్లో ఆ రెండూ తలపడేసరికి ఊరు రెండుగా చీలిపోయింది. ప్రతి మ్యాచ్‌కి ముందురోజు మధ్యాహ్నం మా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పోట్లాడుకోమంటారు. నేను ఎల్యాస్‌ని, తోడేళ్ళవాణ్ణి. సైమి పుట్టడమే డేగ.

మొదటిరోజు నా మెడలో తోడేళ్ళ స్కార్ఫు చూసి, "గొంతు నొప్పా, పాపం!" అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా ప్రోగ్రాం అయ్యాక ఇద్దరం ఆకలితో ఒకే సంతకి వెళ్ళి, ఒకే బల్ల మీద జామ్ నంజుకుని మా ఊరి మాంసం వంటకం, నల్ల సాసేజ్ తిన్నాం. మర్నాడు డేగలు గెలిచాయి.

"ఇంకేముంది, ప్రతిసారీ నీతో తినాల్సిందే. నీ మొహం చూద్దామని కాదు బాబూ, సెంటిమెంటు! గెలిపించినదాన్ని మార్చకూడదు," అంది.

మా ఊళ్ళో దీనికి తిరుగులేదు. జట్టు గెలుస్తున్నంతకాలం సాక్సులు కూడా ఉతకరు.

ఇప్పుడు చెరి మూడు మ్యాచ్‌లు గెలిచి సమానంగా ఉన్నాం. రేపు ఏడోది. అదవగానే సీజనూ, మా ప్రోగ్రామూ రెండూ అయిపోతాయి. ఆ తర్వాత సైమికి నాతో పనేముంది? బయట మంచు కరిగి వసంతం వస్తోందని ఊరంతా సంబరపడుతుంటే, నాకు మాత్రం ఏడుపొస్తోంది. ఇవాళ ఎలాగైనా అడగాలి. నోరు పెగిలితేనా!

"రేపు మేమే గెలుస్తాం," అంటోంది సైమి. "ప్రతి మ్యాచ్‌కి ముందూ మా సెంటిమెంటు తప్పలేదు."

అప్పుడు వెలిగింది నా బుర్ర.

"ఆగాగు. ప్రతి మ్యాచ్‌కీనా? అందులో మూడు మీరు ఓడిపోయారు కదా!"

"అయితే?"

"ఓడితే సెంటిమెంటు మార్చెయ్యాలి. సాక్సులైనా సరే పారెయ్యాలి. మరి నువ్వు మళ్ళీ మళ్ళీ నాతోనే తిన్నావ్. ఓడినా ఎందుకొచ్చావ్, సైమీ?"

సైమి చెవులు ఎర్రబడ్డాయి. అద్దం అవతల మా ప్రొడ్యూసరు హిల్కా గారు ఏదో ఒకటి మాట్లాడండని చేతులు ఊపేస్తున్నారు.

"జామ్ బాగుంటుంది," అంది చివరికి.

"సైమీ..."

"ఓడిన బాధలో కూడా నీ పక్కన కూర్చుంటే హాయిగా అనిపించేది. చాలా? ఊరంతా వినేసింది, ఇక సంతోషించు!"

"నాకు గెలిచిన రోజున కూడా నువ్వు లేకపోతే ఏం బాగుండదు," అన్నాను. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అంత తేలిగ్గా వచ్చేసింది.

హిల్కా గారు ఫోను కలిపారు. సైమి వాళ్ళ నాన్న.

"అయితే మా మూడు మ్యాచ్‌లూ ముంచింది నా కూతురన్నమాట! ఇవాళ ఆ సాసేజ్ జోలికి పోయారో, చూడండి! అబ్బాయిని ఇంటికి తీసుకురా, చేపల పులుసు పొయ్యి మీద ఉంది. ఆ స్కార్ఫు మాత్రం గుమ్మం బయటే వదలాలి."

"అలాగేనండీ," అన్నాను. "కానీ రేపు మేం గెలిస్తే?"

"ఎల్లుండి నా గడప తొక్కకు!"

"మరేం ఫర్వాలేదు నాన్నా," అంది సైమి మైకులోనే, నా వైపు చూస్తూ. "ఎల్లుండి నేనే వాళ్ళింటికి వెళ్తాను."