వెనక్కి చెప్పాల్సిన మాట

"గుంట!" ముందునుంచి టియానా అమ్మ గొంతు ఖంగుమంది.

"గుంట!" "గుంట!" అంటూ, వెనకవాళ్ల సైకిళ్లు రోడ్డు గుంటలో పడకుండా, ఒకరి తర్వాత ఒకరు అందుకుని వెనక్కి చెప్పారు.

శనివారం పొద్దున డెట్రాయిట్‌లో పాతికమంది నల్లజాతి ఆడవాళ్ల సైకిళ్ల వరస అది. అందరి వీపుల మీదా 'మా వీధులు బాగుచెయ్యండి' అని రాసిన అట్టలు. అందరిలోకీ చిన్నది పదేళ్ల టియానా. దాని వెనకే ఒడెస్సా మామ్మ. అరవై దాటాక, పోయిన నెలే ఆవిడ సైకిల్ నేర్చుకుంది.

"ఒక్కసారి పడ్డానా, ఈ సైకిల్ పాత సామాన్లవాడి పాలే!" అని బయల్దేరేటప్పుడే చెప్పేసింది మామ్మ.

"నేనున్నాగా మామ్మా! పడనిస్తానా?" అంది టియానా, మహా ధీమాగా.

మలుపు తిరిగేసరికి డోనట్ల కొట్టు ముందు క్లాస్‌మేట్లు బ్రియెల్, కోరిన్ కనిపించారు.

"ఏంటే టియానా, మామ్మల బ్యాచ్‌లో చేరిపోయావా?" అంటూ కిసుక్కున నవ్వారు.

టియానాకి తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే ముందునుంచి కేక వచ్చింది. "గుంట!"

వాళ్ల ముందు అంత గట్టిగా ఎలా అరవడం? టియానా నోరు మెదపలేదు. తను మాత్రం గుంట తప్పించుకుని వెళ్లిపోయింది.

వెనక దబ్బుమని చప్పుడు. "ఓరి దేవుడో!"

టియానా సైకిల్ పడేసి పరుగెత్తింది. మామ్మ రోడ్డు మీద చతికిలబడి ఉంది. మోకాలు గీసుకుపోయింది.

"నేను చెప్పలేదు మామ్మా. వాళ్లు నవ్వుతారని నోరు మూసుకున్నా." టియానాకి ఏడుపు తన్నుకొచ్చింది. "సైకిల్ ఇచ్చెయ్యకు మామ్మా. ప్లీజ్!"

మామ్మ కాళ్లూ చేతులూ ఆడించి చూసుకుంది. "ఎముకలన్నీ ఉన్నచోటే ఉన్నాయిలే," అంది. తర్వాత గుంటకేసి గుర్రుగా చూసింది. "దీని మొహం మండ! మా ఆయన బతికున్నప్పటి నుంచీ ఇక్కడే ఉంది. దీనికి భయపడి నేను ఇంట్లో కూర్చుంటే దీన్ని పూడ్పించేదెవరు? లేపండి నన్ను!"

హమ్మయ్య! అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. అమ్మ గుంట చుట్టూ పసుపు సుద్దతో పెద్ద సున్నా గీసి, నగర కౌన్సిల్‌కి పంపడానికి ఫొటో తీసింది. తర్వాత టియానా వైపు తిరిగింది.

"నీ చోటు అదే. మామ్మ ముందు," అంది అంతే.

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే కొట్టు. బ్రియెల్, కోరిన్ ఇంకా అక్కడే ఉన్నారు. రోడ్డుకి ఈ వైపున ఇంకో గుంట. ముందునుంచి కేక వచ్చింది.

టియానా వాళ్లవైపు చూడనైనా చూడలేదు. మెడ వెనక్కి తిప్పి, గొంతు చించుకుని అరిచింది. "మామ్మా, గుంట!"

మామ్మ సైకిల్ కాస్త వంకరటింకరగా పక్కకి తప్పుకుంది. ఆ వెంటనే, తన వెనకవాళ్ల కోసం, ఆవిడ గొంతు అంతకంటే గట్టిగా మోగింది.

"గుంట!"