నూనె డబ్బాలోకి పోయిన మాట

ఏజెంట్లకు రేడియో నేర్పే మాస్టారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. వీపులో ఒకే తూటా. ఎదురుగా రేడియో ట్రాన్స్‌సీవర్ మూత ఊడదీసి ఉంది. లోపలి స్క్రాంబ్లర్ మాడ్యూల్ లేదు.

"అగ్గిపెట్టెంత ముక్క," అన్నాడు చీఫ్. "దానిలోంచి వెళ్ళిన మాట అలాంటి మాడ్యూల్ ఉన్నవాడికే అర్థమవుతుంది. మిగతావాళ్ళకు గోల. ఇప్పుడది హంతకుడి చేతిలో ఉంది. దానితో మీ అక్కను ఏ రేవుకైనా రప్పించగలడు."

ఏజెంట్ నత్త మాడ్యూల్ ఊడిన చోటును నిదానంగా పరిశీలించాడు. తొందరపడడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అక్క నడిపే పడవలో విదేశీ ముఠా గుట్టంతా తెలిసిన సాక్షి ఉన్నాడు. లైట్‌హౌస్ దాటేలోపు రేవు పేరు చెప్పాలి.

"అంత దూరం అందే యాంటెన్నా ఈ గదికే ఉంది," అన్నాడు చీఫ్. "హంతకుడు మళ్ళీ ఇక్కడికే వస్తాడు. ఎవరొచ్చినా నమ్మకు. నేను పక్కగదిలో ఉంటాను."

మధ్యాహ్నం గాయని వచ్చింది. ముఠాలో చేరి మనకు సమాచారం తెచ్చే మనిషి. పట్టుచీర, సెంటు వాసన, చేతిలో చిన్న బ్యాగు.

"మీ గొంతు ముఠావాళ్ళు గుర్తుపడతారు. నేను చెబుతాను," అంది. "కానీ ఈ రేడియో డబ్బాల సంగతి నాకు ఓనమాలు కూడా రావు బాబూ!"

"ఏముంది? మీట నొక్కి మాట్లాడడమే. ముందు ఉత్తినే ఒకసారి చూడండి."

సెట్‌లో నత్త అప్పటికే ఇంకో మాడ్యూల్ బిగించాడు. ఒక సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. మీట నొక్కాక మాడ్యూల్ సిద్ధం కావడానికి ఒక ఊపిరి పడుతుంది. అప్పటిదాకా ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ లైటు మీద నల్ల టేపు అంటించాడు. ఆ సంగతి తెలియనివాళ్ళు నొక్కిన వెంటనే మాట్లాడేస్తారు.

గాయని మీట నొక్కింది. ఒక ఊపిరి ఆగింది. అప్పుడు, "హలో," అంది.

అంటే దొంగిలించిన మాడ్యూల్‌ను ఆమె అప్పటికే వాడి చూసింది.

"ఓనమాలు రాకుండానే గుణింతాలు బాగానే వచ్చాయే?" అన్నాడు నత్త.

ఆమె నవ్వలేదు. బ్యాగులోంచి పిస్తోలు వచ్చింది. "గోడకు ఆనుకో. అరిచావా, మీ మాస్టారి దగ్గరికే పోతావు." మళ్ళీ మీట నొక్కి, ఆగి, "పడవకు ఆదేశం. తూర్పు రేవుకు రండి. వెంటనే," అంది.

జవాబు లేదు. కిటికీలోంచి దూరంగా పడవ లైట్‌హౌస్‌ను సమీపిస్తోంది. ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ నిశ్శబ్దం.

"పలకదేం?"

"బల్ల కింద చూడు."

యాంటెన్నాకు వెళ్ళాల్సిన కేబుల్ అక్కడ ఒక నూనె డబ్బాలో దిగి ఉంది. సెట్ నుంచి బయలుదేరిన పవరంతా ఆ నూనెను వేడి చేస్తోంది తప్ప గడప దాటలేదు.

"కొత్తవాళ్ళ మొదటి మాట గాలిలోకి వదలకూడదని మాస్టారి నియమం. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు. నువ్వు ఆయన వీపు మాత్రమే చూశావు."

ఆమె తల వంచిన క్షణంలో నత్త పేరుకు తగ్గట్టు ప్రవర్తించలేదు. పిస్తోలు నేల మీద పడింది. చీఫ్ తలుపు తోసుకుని వచ్చాడు. ఆమె పౌడరు డబ్బాలో మాస్టారి మాడ్యూల్ దొరికింది.

కేబుల్ లాగి యాంటెన్నాకు బిగించాడు నత్త. కిటికీలోంచి చూస్తే పడవ ముక్కు లైట్‌హౌస్‌ను తాకేలా ఉంది. మీట నొక్కాడు. ఒక ఊపిరి ఆగాడు.

"అక్కా, పడమటి రేవు."

"ఇంతసేపా, తమ్ముడూ? నిద్రపోయావనుకున్నాను," అంది గరగరలాడే గొంతు. పడవ పడమటికి తిరిగింది.

నత్త నూనె డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది.

"గాయనిగారి కచేరీకి," అన్నాడు, "కరిగింది ఇదొక్కటే."