డబ్బాలో ఆగిన ఆకులు

"మా చెట్టు ఆకు మేక తిన్నది, టీచర్," అన్నాడు హమ్మాద్.

ఐదో తరగతి మొత్తం గొల్లున నవ్వింది.

రాలిన ఆకు ఎక్కడికి పోతుందో ఇంటి దగ్గర చూసి రమ్మని నిన్న చెప్పింది నుజహత్ టీచరే. ఆవిడ నవ్వలేదు. "తిని మేక ఏం చేసింది మరి?" అని అడిగింది.

"గల్లీ అంతా పెంటికలు వేసింది టీచర్. మా అమ్మీ వాటిని ఊడ్చి కరివేపాకు చెట్టుకు వేసింది."

"షాబాష్. అంటే ఆకు తిరిగి మట్టిలకే వచ్చింది. గోదా, మీ ఇంట్ల ఆకు ఎటు పోయింది?"

గోదా లేచి నిలబడింది. "మా సన్నజాజి ఆకులు డబ్బాల ఉంటయి, టీచర్."

"డబ్బాలనా?"

"ఉస్మానియా బిస్కెట్ల డబ్బాల. రాలినవి రాలినట్టు ఏరి దాస్తున్న."

"ఊరగాయ పెడ్తవా ఏంది?" అన్నాడు హమ్మాద్. మళ్లీ నవ్వులు.

"అది మా నాయనమ్మ పెట్టిన చెట్టు," అంది గోదా. "నాయనమ్మ పోయిన సంది ఒక్క ఆకు గూడ పారేయలే."

హమ్మాద్ తల దించుకున్నాడు.

టీచర్ గోదా బెంచీ దగ్గరికి వచ్చింది. "చెట్టు ఇప్పుడు ఎట్లున్నది బేటా?"

"మంచిగ లేదు టీచర్. ఆకులు పసుపుపచ్చగ అయితున్నయి. వానలు పడ్డా ఒక్క మొగ్గ రాలే. రోజూ నీళ్లు పోస్తున్న. కుండీల చెత్త గూడ ఉండనియ్య. అయినా చచ్చిపోయేటట్టున్నది."

టీచర్ బోర్డు మీద ఒక కుండీ గీసింది. అందులో ఒక మొక్క గీసింది.

"నీళ్లొక్కటే చాలవు బేటా. చెట్టుకు నైట్రోజన్ కావాలె, ఫాస్ఫరస్ కావాలె. వేరు వాటిని మట్టిలకెల్లి తీసుకొని ఆకుకు, పువ్వుకు పంపిస్తది. ఆకు రాలి మట్టిల కుళ్లితే, కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని తిని ఆ నైట్రోజన్‌ను మళ్లా మట్టిల కలుపుతయి. వేరు మళ్లా తీసుకుంటది. ఉన్నదే గిట్ల తిరుగుతుంటది. కుండీ చిన్నది గదా, దాన్ల ఉన్నదే కొంచెం."

ఆవిడ మట్టి నుంచి ఆకు దాకా ఒక బాణం గీసింది. ఆకు నుంచి కిందికి రావలసిన బాణం గీయకుండా సుద్దముక్కను గోదా వైపు చాపింది.

గోదా తీసుకోలేదు. "అవి నాయనమ్మవి, టీచర్."

"మాలూమ్ బేటా, నాకు తెలుసు," అంది టీచర్ మెల్లగా. "దుకాణంల ఎరువు ప్యాకెట్ గూడ దొరుకుతది. అది గూడ పనిచేస్తది."

గోదా వాళ్ల తాత సుబ్రహ్మణ్యం మాదన్నపేటలోని చిన్న గుడిలో పూజారి. సాయంత్రం ఆయన గుడికి బయలుదేరుతుంటే గోదా గడపలో అడ్డం నిలబడింది.

"తాతా, ఎరువు ప్యాకెట్ కొనియ్యవా? సన్నజాజికి."

"కొందాం. అయినా దానికెందుకు ఎరువు? నిరుడు దేవుని మీదికెల్లి తీసిన పూలు రోజూ నీ చేతికే ఇచ్చిన గదా, చెట్టు మొదట్ల వెయ్యమని."

గోదా లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో ఎండుటాకుల మధ్య దేవుడి పూలు కూడా ఉన్నాయి. నిరుడు పూసిన సన్నజాజులు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి.

"దేవునికి పెట్టిన పూలు బురదల ఎట్ల వేస్తం తాతా? అందుల నాయనమ్మ చెట్టు పూలాయె."

తాత గడప మీదే కూర్చున్నాడు. గుడికి ఆలస్యమవుతున్నా లేవలేదు.

"మీ నాయనమ్మ రోజూ అదే పని చేసేది బిడ్డా. వేళ్లతోని మట్టి గెలికి, వాడిపోయిన పూలు లోపల పెట్టి, 'పోయి రాండ్రి' అనేది. పూలతోని గూడ ముచ్చట్లేనా అని నేను నవ్వేటోన్ని."

"మరి వచ్చేవా?"

"వానలు పడంగనే వచ్చేవి. అవే వచ్చినయో, వేరేవి వచ్చినయో నేనెట్ల చెప్తా? వాసన మాత్రం అదే."

గోదా డబ్బాలో ముక్కు పెట్టింది. సన్నజాజి వాసన లేదు. దుమ్ము వాసన, కొంచెం రేకు వాసన. ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు. ఎవరికీ చెప్పలేదంతే.

"ప్యాకెట్ రేపు తెస్త. డబ్బా నీ దగ్గరనే ఉంచుకో," అన్నాడు తాత లేస్తూ.

గోదా తల అడ్డంగా ఊపింది.

మేడ మీద కుండీలో మట్టి రాయిలా గట్టిపడి ఉంది. గోదా పాత గరిటెతో తవ్వింది. ఒక పిడికెడు ఆకులు తీసి నలిపి అందులో వేసింది. మరో పిడికెడు వేసింది. అడుగున ఉన్న పూలు చేతిలోకి వచ్చేసరికి ఆగిపోయింది. వాటిని ఒళ్లో పోసుకుని చాలాసేపు కూర్చుంది. గుడి గంట మోగింది. కాసేపటికి దూరంగా మసీదు నుంచి అజాన్ వినిపించింది.

గోదా కళ్లు తుడుచుకుని ఆ పూలు కూడా గుంటలో పెట్టింది. పైన మట్టి కప్పింది. అమ్మనడిగి బియ్యం కడిగిన నీళ్లు చెంబుతో తెచ్చి పోసింది.

మట్టి తడవగానే ఒక్క క్షణం ఏదో వాసన లేచింది. నాయనమ్మ కొంగు మొహానికి తగిలినట్టు అనిపించింది. ఇంకోసారి పీల్చేలోగా అది ఉత్త తడిమట్టి వాసన అయిపోయింది.

గుడి నుంచి వచ్చిన తాత మెట్ల దగ్గర నిలబడి కేకేశాడు. "బిడ్డా, మొగ్గ రేపే రాదు మరి."

"ఎరుకే తాతా."

అరచేతికి ఆకుల పొడి, మట్టి కలిసి అంటుకుని ఉన్నాయి. గోదా ఆ చేతిని ఒకసారి వాసన చూసుకుంది. తర్వాత నల్లా దగ్గరికి పోకుండా, చెంబులో మిగిలిన నీళ్లతో దాన్ని కుండీలోనే కడిగింది.