రెండు గంటల ముందు వంపిన వైన్

"సైంటిస్టు ప్రాణం నీ చేతిలో ఉంది," అన్నాడు చీఫ్. "రాయబారి ఇచ్చే లంచ్‌లో ఆయనకి విషం పెట్టబోతున్నారు. ఎవరో, ఎందులోనో తెలీదు."

"తిండి సంగతి?"

"వంటింట్లో మనవాళ్ళు రుచి చూస్తారు. వైన్ నీది. సైంటిస్టు దంపతులు పెళ్ళి చేసుకున్న ఏడాది తయారైన సీసా, వాళ్ళిద్దరికి మాత్రమే. సీలుతో బల్ల దగ్గరికి రావాలి. అందరి కళ్ళ ముందూ తెరిచి, గాజు కూజాలోకి వంపి పొయ్యాలి. మధ్యలో ఎవడికీ సందు దొరక్కూడదు."

"అదెంత పని సార్!" అన్నాడు ఏజెంట్ డేగ.

కదిలే రైలు మీద నుంచి దూకినవాడికి సీసా వంపడం కూడా ఒక విద్యేనా? ట్రైనీ వెయిటర్ వేషంలో వారం రోజులు రాయబారి ఇంటి కింద వైన్ దాచే సెల్లార్‌లో గడిపాడు గానీ, పాఠం సగం చెవితోనే విన్నాడు. సెల్లార్ పెద్దాయనకి అతనెవరో తెలీదు. పాపం, శ్రద్ధగా చెప్పాడు.

"చూడు నాయనా, పాత సీసాని ముందు రోజే నిలబెట్టాలి. మడ్డి అడుక్కి దిగుతుంది. వంపేటప్పుడు సీసా మెడ వెనక కొవ్వొత్తి ఉండాలి. మడ్డి మెడ దాకా వచ్చిందా, ఆపెయ్. కొత్త వైన్‌కి గాలి తగలాలి, రెండు గంటల ముందే వంపు. బాగా పాతదైతే గాలికి తట్టుకోలేదు, తాగే ముందే వంపాలి."

"సరే సరే పెద్దాయనా."

లంచ్ రోజు పదకొండింటికి, భోజనాల హాలు పక్క గదిలో డేగకి రెండు గంటలన్న మాట ఒక్కటే గుర్తుంది. ఏ వైన్‌కో గుర్తులేదు. కింద సెల్లార్‌కి ఇరవై మెట్లు. కానీ మూడుసార్లు చెప్పించుకున్నది నాలుగోసారి అడగడానికి నామోషీ. పైగా అంతమంది ముందు వైన్ ఒలికిపోతే? తలుపు మూసి, అక్కడే సీసా తెరిచాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కార్క్ స్క్రూలో పిస్టల్ ఉంది గానీ, దాంతో కార్క్ ఊడిరావడానికి పావుగంట పట్టింది. కూజాలోకి వంపేసరికి ఎవరో గ్లాసులు తుడవమని హాల్లోకి పిలిచారు. కూజా అక్కడే వదిలేసి వెళ్ళాడు.

ఒంటిగంటకి సైంటిస్టుకీ ఆయన భార్యకీ వైన్ పోశాడు. ఎదురుగా పచ్చ గౌనులో దుబాసీ కూర్చుంది. కోడ్ పేరు నెమలి. విషం పెట్టించే ముఠాకీ మనకీ ఇద్దరికీ పనిచేస్తుంది. ఏ రోజు ఎవరి పక్షమో ఆవిడకే తెలియాలి.

"ఈ కూజా ఎప్పుడు వంపావు?" అంది నెమలి, అందరికీ వినపడేలా.

ఇరవై జతల కళ్ళు అతని మీద పడ్డాయి. గుమ్మం దగ్గర పెద్దాయన, చేతిలో వెలిగించని కొవ్వొత్తి.

"ఇప్పుడే, మేడమ్."

పెద్దాయన తల దించుకున్నాడు. చెవిలో రిసీవర్ నుంచి చీఫ్ ఊపిరి వినిపించింది.

"అలాగా. కూజా రెండు గంటలు ఒంటరిగా ఉండలేదు కదా?"

డేగకి అర్థమైంది. అది ప్రశ్న కాదు, హెచ్చరిక. ఆ గదిలోకి ఎవరైనా వచ్చి ఉండొచ్చు. సైంటిస్టు భార్య నవ్వుతూ గ్లాసు ఎత్తింది. నిజం చెబితే పరువు పోతుంది. ఒక్క క్షణం, సిగ్గులేకుండా, అతను దాని గురించే ఆలోచించాడు.

"తాగకండమ్మా!" ఆవిడ పెదవి దాకా వెళ్ళిన గ్లాసునీ, సైంటిస్టు ముందున్న గ్లాసునీ లాక్కున్నాడు. "అబద్ధం చెప్పాను. పదకొండింటికే వంపి, వదిలేసి వెళ్ళిపోయాను."

రాయబారి ముఖం కందగడ్డలా అయింది. "ఇన్నేళ్ళ సర్వీసులో నువ్వు నేర్పింది ఇదా?" అన్నాడు పెద్దాయనతో.

"తప్పు నాదే సార్," అన్నాడు పెద్దాయన.

చెంప మీద కొట్టినా డేగకి అంత మండేది కాదు. "ఆయన సరిగ్గానే చెప్పారు సార్. నేనే వినలేదు. మళ్ళీ అడగడానికి సిగ్గుపడ్డాను."

"గాలి తగిలితే కొంపలేం మునగవులే," నవ్వాడు రాయబారి సెక్రటరీ. "వాళ్ళని తాగనివ్వండి."

మొత్తం హాల్లో తొందర ఆయనొక్కడికే ఉంది.

"అయితే తమరు ఒక్క గుక్క తాగి చెప్పండి," అంటూ డేగ గ్లాసు అందించాడు.

సెక్రటరీ నవ్వు ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి, ఒక్కసారిగా తలుపు వైపు పరుగెత్తాడు. గార్డులు అక్కడే పట్టేశారు. జేబులో ఖాళీ గాజు గొట్టం దొరికింది.

అరగంట తర్వాత పెద్దాయన అదే ఏడాది సీసా ఇంకోటి తెచ్చి, అందరి ముందూ నిదానంగా వంపాడు. డేగ కొవ్వొత్తి పట్టుకున్నాడు. అది పక్కకి జరిగితే పెద్దాయనే మెల్లగా సరిచేశాడు, అందుకే అతను తల ఎత్తలేకపోయాడు.

"శభాష్!" అన్నాడు చీఫ్ రిసీవర్‌లో. "ముందే వంపి, ఎర వేసి, వాణ్ణి పట్టేశావు."

"ఎర కాదు సార్," గొణిగాడు డేగ. "తెలీక చేశాను."

రిసీవర్‌లో కాగితం మీద కలం గీకిన చప్పుడు.

"ఫైల్లో ఎర అనే రాస్తున్నా. నీకు లేకపోయినా డిపార్ట్‌మెంట్‌కి పరువుందయ్యా."