ఆపరేషన్ పచ్చబూజు

బోరిగుమ్మ సంతలో పట్టపగలు, అల్లం కుప్పల మధ్య నడుస్తూ నడుస్తూ డాక్టర్ సౌమ్యరంజన్ తూలి పడిపోయాడు. గుండెపోటన్నారు జనం. మెడ వెనక సూదిమొనంత ఎర్రచుక్క ఎవరి కంటా పడలేదు. ఆయన భుజాన వేలాడే ఐస్ ఫ్లాస్కు మాత్రం మాయమైంది.

అది 2004 జూలై. మర్నాడు రాయగడలో ఓ ఎస్టీడీ బూత్‌లో ఏజెంట్ కృష్ణచైతన్య రిసీవర్ చెవికి ఆనించుకుని నిలబడ్డాడు.

"చింతపండు కొత్తదా, పాతదా?" విశాఖ నుంచి చీఫ్ గొంతు.

"కొత్తదే. ఇంకా గింజ తియ్యలేదు."

కోడ్ కుదిరింది. చీఫ్ గబగబా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"మొక్కజొన్న కంకికి పట్టే పచ్చబూజు విషం పుట్టిస్తుంది. అఫ్లాటాక్సిన్. ఉడికించినా పోదు, లివర్‌ని తినేస్తుంది. లమ్తపుట్ కొండ పొలాల మట్టిలో సౌమ్యరంజన్ దాని దాయాదిని పట్టుకున్నాడు. చూడ్డానికి అచ్చం అదే, విషం మాత్రం చెయ్యదు. జొన్నగింజల మీద పెంచి, పూతకి ముందు పొలంలో చల్లితే అదే ముందెళ్ళి చోటు ఆక్రమించేస్తుంది. విషపు బూజుకి ఇక జాగా ఉండదు. ఫ్లాస్కులో ఉన్నది దాని మదర్ కల్చర్. అది పోతే మళ్ళీ తయారుచెయ్యలేం."

"పట్టుకుపోయింది తేలు ముఠాయేనా సర్?"

"వాళ్ళే. విదేశీ గింజల వర్తకుల కిరాయి మూక. ఇక్కడి మొక్కజొన్న విషమని పేరుపడితే పైదేశం సరుకు ఓడల్లో దిగుతుంది. కల్యాణసింగ్‌పూర్‌లో రైతులకి ఎల్లుండి మంచి బూజు బస్తాలు పంచుతున్నారు. ఆ బస్తాల్లో విషపు బూజు పెట్టారంటే ఇంక అంతే. ఆపు."

"పంపకం వాయిదా వేయించండి సర్, సరిపోతుంది."

"అది వ్యవసాయ శాఖ. మనం ఉన్నట్టే వాళ్ళకి తెలియకూడదు."

లైన్ కట్టయింది. రిసీవర్‌తో గోడ బద్దలు కొట్టాలనిపించింది చైతన్యకి.

తేలు ముఠా జాడ కోసం అతను వేసవి నుంచీ ఆ ఊళ్ళలోనే తిరుగుతున్నాడు. పార్వతీపురం నుంచి వచ్చిన మొక్కజొన్న దళారి 'శంకరరావు'గా. నూనె రాసిన జుట్టు, జేబులో పాన్ డబ్బా. వేషం ఎంత బాగా కుదిరిందంటే రైతులు అతన్ని మనస్ఫూర్తిగా తిట్టేవారు. కల్యాణసింగ్‌పూర్ బ్లాకాఫీసు పక్కన టీకొట్టు నడుపుతూ, పక్కనే ఉన్న పొలం చెక్కలో మొక్కజొన్న వేసే దేముడమ్మయితే మరీను. బూజు పట్టిన ఆమె గింజల్ని అతను ఓ రోజు వద్దన్నాడు.

"ఏటి బాబూ, నీకు పనికిరాని గింజ మా పొట్టల్లోకి పనికొస్తాదా?" అని నిలదీసిందామె. "మా ఆయన పొట్ట ఉబ్బిపోయి సచ్చిపోనాడు. డాకటేరు లివరన్నాడు. ఏటి తిన్నాడని? ఈ గింజే. ఇది కాపోతే మరేటి తినాల మేము, సెప్పు!"

అతను పాన్ డబ్బా జేబులోకి తోసి, గబగబా నడిచి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా అన్నం సయించలేదతనికి.

పోనీ, హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన ఆయుధమేమైనా అక్కరకొచ్చిందా అంటే అదీ లేదు. అల్ట్రావయొలెట్ టార్చి. విషం ఉన్న గింజ మీద వేస్తే నీలిగా మెరుస్తుందట. దానికి సరిపడే బ్యాటరీ రాయగడలో ఏ షాపులోనూ లేదు. పంపమని అడిగితే, 'టార్చి ఇదివరకే ఇచ్చియున్నాము' అని సమాధానం వచ్చింది.

ఇక అతను వదలకుండా వెంటాడుతున్న మనిషి లిప్సా. నల్ల కళ్ళద్దాలు, సంబల్‌పురి పట్టుచీర, ఆమె దాటాక కూడా వరండాలో తిరుగుతుండే సెంటు వాసన. విదేశీ పంటల నిపుణుడినంటూ స్టేషన్ రోడ్డు హోటల్లో దిగిన హెండ్రిక్‌కి సెక్రటరీ. రాయగడ తెలుగువాళ్ళ మధ్య పెరిగింది కాబట్టి తెలుగు గలగలా మాట్లాడేది.

పంపకం రోజు పొద్దున్న వాన దంచి కొడుతోంది. లిప్సా వెనకే చైతన్య టోకు వర్తకుడు సుందరరావు గోడౌన్‌లోకి జారుకున్నాడు. పంపకం బస్తాలు దించింది అక్కడే. లోపల చీకట్లో ఆమె చేతిలో ఐస్ ఫ్లాస్కు!

"కదలకు!" అన్నాడు చైతన్య.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ లోంచి చిన్న పిస్తోలు వచ్చింది. చైతన్య ఎగిరి మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు ధాన్యం బస్తాల సందులోకి పోయింది.

"నాగావళి నిండింది," అంది ఆమె నెమ్మదిగా.

"ఏంటి?"

"జవాబు చెప్పు."

"ఏ జవాబు?"

లిప్సా నిస్పృహగా కళ్ళు మూసుకుంది. చైతన్య ఆమెని కాటా రాడ్‌కి బేడీ వేసి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని విజయగర్వంతో బయటికొచ్చాడు. ఎదురుగా గొడుగేసుకుని సుందరరావు.

"బస్తాలెక్కడండీ?"

"ఎప్పుడో ఎల్లిపోయేయండి. హెండ్రిక్ దొర నిన్న సాయంత్రం పాతవి పాడైపోయేయని ఏట్లో పారబోయించి కొత్తవి దింపించేరు. ఇందాక దగ్గరుండి లారీ ఎక్కించి ఆయనా ఎల్లేరు."

చైతన్య గోడౌన్‌లోకి వెనక్కి పరిగెత్తాడు.

"నువ్వు కట్టేసింది ఆ లారీని ఆపాల్సిన మనిషిని," అంది లిప్సా పళ్ళు నూరుతూ. "హెండ్రిక్ గదిలోంచి ఫ్లాస్కు కొట్టేశాను. బస్తాలు చూసి రిపోర్టు చెయ్యడానికొచ్చాను. ఈలోగా నువ్వు!"

గోడౌన్ ఫోన్‌లోంచే అతను చీఫ్‌ని పట్టుకున్నాడు.

"లిప్సానా? ఢిల్లీ వాళ్ళ మనిషై ఉంటుంది. వాళ్ళ ఏజెంట్ల సంగతి మనకి చెప్పరు. మన సంగతీ వాళ్ళకి చెప్పం."

రెండు నెలలుగా అతను నీడలా వెంటాడింది సొంత ప్రభుత్వాన్నే.

ఆమె బేడీ విప్పాక, సుందరరావు జీపులో ఇద్దరూ బయల్దేరారు. దారిలో కల్వర్టు మీదుగా గెడ్డ పొంగి పారుతోంది. లారీ అప్పటికే దాటేసింది. నీళ్ళు తగ్గేదాకా స్టీరింగ్ మీద పిడికిళ్ళు గుద్దుకుంటూ కూర్చోవడం తప్ప ఆ దేశభక్తుడు చెయ్యగలిగిందేమీ లేకపోయింది.

బ్లాకాఫీసు ముందు షామియానా. స్టేజీ మీద పూలదండతో హెండ్రిక్. బస్తాలు విప్పేశారు. తొలి చల్లడం దేముడమ్మ చెక్కలోనే. ఆమె కొంగునిండా పచ్చబూజు పట్టిన జొన్నలతో గట్టు మీద నిలబడి ఉంది.

"ఆపండి! అది విషం!" జీపులోంచి దూకాడు చైతన్య.

అందరూ తిరిగి చూశారు. అతను వాళ్ళకి దళారి శంకరరావే.

"సూడండర్రా, మన పంట పాడుసెయ్యడానికొచ్చేడు!" అరిచింది దేముడమ్మ. "మా గింజ వద్దన్నాడు, ఇప్పుడు మందూ వద్దంటన్నాడు!"

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు వ్యవసాయాధికారి.

చెప్పకూడదు. రూలు. చైతన్య జేబులు తడుముకున్నాడు. టార్చి నొక్కాడు. అది వెలగలేదు. దాన్ని బురదలోకి విసిరేశాడు.

"అమోనియా!" అంది లిప్సా వెనకనుంచి. "ఆ ఆవిరి తగిలితే విషపు బూజు గులాబీ రంగుకి తిరుగుతుంది. మంచిది తిరగదు. సౌమ్యరంజన్ బాబు చూపించారు."

బ్లాకాఫీసులో రోడ్ల ప్లాన్లకి బ్లూప్రింట్లు తీసేది అమోనియాతోనే. చైతన్య డ్రాయింగ్ సెక్షన్‌లోకి దూసుకెళ్ళి సీసా తెచ్చాడు. టీకొట్టు మీది బిస్కెట్ల జాడీలు రెండు ఖాళీ చేశాడు. ఒకదాంట్లో ఫ్లాస్కులోంచి ఓ గాజుగొట్టం కల్చర్, రెండోదాంట్లో బస్తాలోని జొన్నలు. రెండింట్లోనూ అమోనియాలో ముంచిన దూది వేసి మూత పెట్టాడు.

ఏమీ కాలేదు.

"మంచి జోక్," అని నవ్వాడు హెండ్రిక్. "చల్లమ్మా, చల్లు!"

దేముడమ్మ గుప్పెడు తీసి చెయ్యి పైకెత్తింది. అప్పుడు, బస్తా జొన్నలున్న జాడీలో ఓ గింజ అంచు ఎర్రబారింది. దాని పక్కది. ఆ తర్వాత అన్నీ గులాబీ రంగు. మొదటి జాడీలో పచ్చ పచ్చగానే ఉంది.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గుప్పిట తెరవకుండా మెల్లిగా దించి, కొంగులోని గింజలన్నీ టీకొట్టు పొయ్యిలో వేసేసింది.

"మా ఆయన్ని సంపింది ఇదేనేటి?" అంది.

హెండ్రిక్ స్టేజీ దిగి చైతన్య మెడ మీదకి పెన్ను దూశాడు. పెన్ను చివర సూది తళుక్కుమంది. చైతన్య సీసాలో మిగిలిన అమోనియా వాడి మొహాన కొట్టాడు. కళ్ళు పట్టుకుని కూలబడినవాడి చేతులకి లిప్సా బేడీలు వేసింది. పొద్దున్న తన చేతికున్న బేడీలే!

సాయంత్రానికి టీకొట్టు పక్కనున్న ఎస్టీడీ బూత్‌కి చీఫ్ ఫోన్ చేశాడు. అభినందనలు చెప్పలేదు.

"హెండ్రిక్ మా కేసంటోంది ఢిల్లీ. కాదు మాదన్నాం. తేలేదాకా ఫ్లాస్కుకి సీలు వెయ్యి. అది ఎవిడెన్స్."

"అది బతికున్న కల్చర్ సర్! సీలేస్తే చచ్చిపోతుంది. మళ్ళీ పెంచేసరికి ఈ ఏటికి ఎలాగూ అదును దాటిపోతుంది. వచ్చే ఏటి పంటకైనా..."

"రూల్స్, చైతన్యా."

అతను ఫోన్ పెట్టేసి లిప్సా వైపు చూశాడు. ఆమె ఫ్లాస్కులోని గాజుగొట్టాల్లో సగం తీసి, కొరాపుట్ వెళ్ళే జీపులో సౌమ్యరంజన్ శిష్యుల ల్యాబ్‌కి పంపించేసింది. మిగతా సగానికి చైతన్య లక్క పూసి సీలు వేశాడు.

ఫోన్ మాటలన్నీ విన్న దేముడమ్మ ఇద్దరి ముందూ టీగ్లాసులు పెట్టింది.

"కంకికి పట్టిన బూజుకి మందు కనిపెట్టేరు, బాగున్నాది. మీ ఆఫీసులకి పట్టినదానికి ఎప్పుడు కనిపెడతారు బాబూ?"