వీరవేణి విసిరే రాళ్ళు

మా ఊరి చివర, రొయ్యల చెరువుల పక్కన, ఓ డాబా ఇల్లుంది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్ళరు. వెళ్తే రాళ్ళు పడతాయి. వేసేవాళ్ళు మాత్రం కనపడరు...

వేసేది వీరవేణి అంటారు. ఆ ఇంటి కోడలు. నాలుగేళ్ళ కిందట విషజ్వరం వచ్చి ఆ ఇంటి నడిగదిలోనే పోయింది. దినాలు కాకుండానే మొదటి రాయి పడింది. ఏడాది తిరక్కుండా వాళ్ళాయన సామాన్లు వ్యానెక్కించుకుని రాజమండ్రి వెళ్ళిపోయాడు. "బతికినన్నాళ్ళూ నోట్లో నాలుక లేని పిల్ల. పోయాక ఇంత కక్ష ఏంటండీ," అనేవారు ఊళ్ళోవాళ్ళు.

చంద్రరావుకి జరిగింది చెప్తాను, విన్నది విన్నట్టే. అతను చెరువుల కాపలా మనిషి. ఓ రాత్రి వాన ముంచుకొస్తే ఆ ఇంట్లోకి దూరాడు. ఫోను లైటేసి నాలుగు మూలలా చూశాడు — ఎవరూ లేరు. గోడకి చేరబడి బీడీ తీశాడు.

టక్...

వెనక ఏదో పడింది. "ఎవరదీ?" అన్నాడు నెమ్మదిగా. ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు సన్నటి చప్పుడు. అంతలోనే భుజం మీద దబ్బున పడింది, అరచేయంత రాయి. ఆ వానలోనే పరిగెత్తాడు. మూడు రోజులు జ్వరం.

మొదటిసారి చెప్పినప్పుడు ఇంతే. మూడోసారికి వీరవేణి అతన్ని పేరు పెట్టి పిలిచింది. ఐదోసారికి గాజుల చప్పుడు కూడా వచ్చి చేరింది. పగలు ధైర్యం చేసి వెళ్ళినవాళ్ళకి పైకప్పులో ఇనుప చువ్వలు బయటపడి కనిపిస్తే, అదీ ఆ పిల్లే గోళ్ళతో పీకిందన్నారు.

ఇదంతా సెంటర్లో టీకొట్టు దగ్గర నడిచేది. పైన స్లాబున్న టీకొట్టు మా ఊళ్ళో అదొక్కటే, వానలోనైనా కూచోవచ్చు. అతను చెప్తుంటే పక్కన కూచుని నేనూ తలూపేవాణ్ణి, తేలు కుట్టిన దొంగలాగ.

నా పేరు జీవరాజు. తాపీ మేస్త్రిని. ఆ ఇల్లు కట్టింది నేనే.

ఇక్కడిదాకా విన్నది. ఇక్కణ్ణించి నా కళ్ళతో చూసింది.

మొన్న అమావాస్య రాత్రి పని ముగించుకుని బండి మీద వస్తున్నాను. ఆ ఇంట్లో వెలుగు... బండి ఆపాను. లోపల ఆడగొంతు, గుసగుసగా. "ఒక్కసారి మాట్లాడమ్మా..."

అక్కడ దెయ్యం లేదని ఊరు మొత్తానికి నాకొక్కడికే తెలుసు. అయినా బండి తిప్పుకుని పోబోయాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

కిటికీలోంచి చూశాను. నడిగదిలో దీపం. ముందు ఆకులో ఉడకేసిన తాటి తేగలు. నేల మీద సంపూర్ణమ్మ — వీరవేణి కన్నతల్లి.

"నీకిష్టమని తెచ్చానమ్మా. కోపముంటే నన్ను కొట్టు. ఊళ్ళోవాళ్ళ జోలికి పోకు. నిన్ను దెయ్యమంటుంటే వినలేకపోతున్నానే..."

పైన కిర్రుమంది. చూస్తే, సరిగ్గా ఆమె తల మీద స్లాబు పొట్ట ఉబ్బి ఉంది. ఇవాళో రేపో ఊడిపోయేలా ఉంది. పిలవాలి. పిలిస్తే ఎందుకు పిలిచానో చెప్పాలి. చెప్తే మేస్త్రిగా నా పేరు గంగలో కలుస్తుంది. ఇంత ఆలోచించానండీ, అక్కడ నిలబడి, మనిషి ప్రాణం మీదకొచ్చిన వేళ.

టక్... చిన్న ముక్క ఆమె పక్కన పడింది. రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది. "పలికావా తల్లీ. ప్రతి అమావాస్యకీ వస్తాను."

అప్పుడు కదిలాను. లోపలికి పోయి చెయ్యి పట్టి బయటికి లాగాను. అరుగు దిగుతుండగా వెనక స్లాబు ఊడిపడి ఇల్లంతా అదిరింది. దీపం ఆరిపోయింది.

పక్క చెరువు గట్టు మీదకి చేరాక ఆమె చేతిలో ముక్క మీద ఫోను లైటు వేశాను. ఓ పక్క చువ్వ పడుకున్న గాడి, గాడి నిండా తుప్పు.

"ఇది మీ అమ్మాయి వేసింది కాదండి," అన్నాను. "స్లాబు పెచ్చు. నేను పోసిన స్లాబు."

పన్నెండేళ్ళ కిందట మే నెల. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేశారు. మాది కాలువ చిట్టచివర ఊరు, చుక్క మంచినీళ్ళు లేవు. స్లాబు కింద పెట్టే సెంట్రింగు సామాను ఇంకో ఊరు పోవాలని తొందర. పక్కన రొయ్యల చెరువు నిండుగా ఉంది. ఆ ఉప్పునీళ్ళే కలిపాను, వారం రోజులు వాటితోనే తడిపాను. ఉప్పు లోపలి ఇనుముని తింటుంది. తుప్పు ఉబ్బి పెచ్చుల్ని తోసేస్తుంది. పగలు ఎండకి కాగిన స్లాబు రాత్రి చల్లబడేటప్పుడు ఊడతాయి. ఇదంతా చెప్పాను.

ఆమె ఏడవలేదు. "ఆ నీళ్ళు మోసింది నేనే కదండీ మేస్త్రిగారూ," అంది. "కూతురి ఇల్లని కూలి కూడా వద్దన్నాను. మొదటి బిందె దించగానే ఉప్పగా ఉన్నాయండీ అన్నాను. 'గట్టిపడ్డాక అన్నీ ఒకటే, నీకేం తెలుసు, మొయ్యి' అన్నారు."

నాకు గుర్తే లేదు. ఆమె మర్చిపోలేదు. ఆ గట్టు మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"ఏడిస్తే ఏమొస్తుందండీ," అంది నెమ్మదిగా. "నా పిల్ల మీద నింద మీరే తియ్యాలి." ఆ పెచ్చు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

తెల్లారి టీకొట్టు దగ్గర చంద్రరావు చుట్టూ జనం. రాత్రి అవతలి చెరువు గట్టు మీంచి విన్నాట్ట. ఆడగొంతుతో పాటు మగ ఏడుపు కూడా.

"రెండో దెయ్యం చేరిందండీ అక్కడ," అన్నాడు.

"రెండోది నేనే," అన్నాను.

అందరూ నవ్వారు. పెచ్చు తీసి బల్ల మీద పెట్టాను. ఉప్పునీళ్ళ సంగతి మొదటినుంచీ చెప్పాను. వీరవేణి పేరు ఇంక ఎత్తొద్దని చేతులు జోడించాను. నవ్వులు ఆగాయి.

"ఆ వేసవిలో మీరు పోసింది ఆ ఒక్క స్లాబేనా, మేస్త్రిగారూ?" అడిగాడు చంద్రరావు, గొంతు తగ్గించి.

నేను తల దించుకున్నాను. వాళ్ళు ఒక్కొక్కరే తలెత్తి, మా నెత్తి మీద టీకొట్టు కప్పు వైపు చూశారు.