పాస్టరమ్మకి చెప్పని పెళ్ళి

పాస్టరమ్మ లోయిదా ఆ బుధవారం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళేసరికి అక్కడ నలభైమంది పసిపిల్లలు ఒకేసారి ఏడుస్తున్నారు. ఆమె తల్లుల వరస దాటుకుని నేరుగా టేబుల్ దగ్గరికి నడిచింది. తనకి కావలసింది ఒక్క టైఫాయిడ్ ఇంజెక్షనేననీ, పన్నెండింటికల్లా దుమగేటె పట్నంలో పాస్‌పోర్టు పని మీద ఉండాలనీ, రెండు నిమిషాలు చాలుననీ చెప్పింది.

టేబుల్ వెనకున్న కొత్త నర్సు తలెత్తలేదు. ఒక పసిపిల్ల తొడ మీద దూది అద్దుతూ అన్నాడు.

"బుధవారం పిల్లల రోజండీ. ఇవాళ ఇక్కడ ఆరు నెలలవాళ్ళే పెద్దవాళ్ళు. మీరు వాళ్ళ తరవాత."

"నేను మలుసాయ్ చర్చి పాస్టర్ని."

"అయితే ఓపిక బాగానే ఉంటుంది. కూర్చోండి."

రెండున్నర గంటలు కూర్చుంది. పాస్‌పోర్టు పని తప్పిపోయింది. తన వంతు వచ్చేలోపు అతన్ని ఎలా కడిగెయ్యాలో మనసులో వరసగా పేర్చుకుంది. కుర్చీలో కూర్చోగానే మొదలుపెట్టింది కూడా. సముద్రం దాటి వెళ్ళేవాళ్ళకి ఒక రోజంటూ పెట్టకపోవడం, మనిషి ముఖం చూసి మాట్లాడకపోవడం, ఓపిక గురించి ఎగతాళి చెయ్యడం, ఒక్కొక్కటే అడిగింది. అతను బుద్ధిగా తలూపుతూ విన్నాడు.

"ఇక లేవచ్చండీ," అన్నాడు చివరికి.

"ఇంజెక్షన్?"

"ఎగతాళి దగ్గర ఇచ్చేశాను."

ఆమె భుజం తడిమి చూసుకుంది. దూది అక్కడే ఉంది. నవ్వొస్తున్నట్టు అనిపించి, ఆ నవ్వు మీద కూడా కోపం తెచ్చుకుని బయటికి నడిచింది.

అతని పేరు ఆబ్నెర్. బుకిడ్నోన్ కొండల నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా నెల కాలేదు. చర్చిలో స్త్రీల సమాజాన్ని నడిపే పూరింగ్ పిన్నికి అక్క కొడుకు. ఆదివారాలు నాలుగో బెంచీలో పిన్ని పక్కన కూర్చునే కొత్త మనిషి అతనేనని లోయిదాకి తరవాతి ఆరాధనలోగానీ తెలియలేదు.

లోయిదాకి ముప్ఫై రెండేళ్ళు. అమ్మానాన్నా లేరు, ఉన్న ఒక్క తమ్ముడూ ఓడల మీద ఉద్యోగం. మలుసాయ్ సంఘాన్ని చేతికి తీసుకుని ఐదేళ్ళయింది. రెండేళ్ళుగా ఆమె పగలూ రాత్రీ ఒక్క యాత్ర గురించే ఆలోచిస్తోంది. కంబోడియాలో పెద్ద సరస్సు మీద పడవల్లోనే కాపురముండే ఊరొకటి ఉంది. అక్కడి చిన్న సంఘాన్ని సొఫీప్ అవ్వ అనే ముసలామె నడుపుతోంది. జూన్ నుంచి తొమ్మిది వారాలు ఆరుగురు వెళ్ళి, అక్కడి ఆడవాళ్ళకి చదువు చెప్పాలి, పిల్లలకి బైబిలు తరగతులు పెట్టాలి. పూర్వం కంబోడియా శరణార్థుల శిబిరంలో పనిచేసిన ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర లోయిదా ఖ్మేరు భాష రాయడం, చదవడం నేర్చుకుంది. అవ్వతో ఫోనులో మాట్లాడి మాట్లాడి ఆమె యాసతో సహా పట్టేసింది.

కామెర్లు రాకుండా వేసే రెండో ఇంజెక్షన్‌కి ఆమె బుధవారం కాని రోజు చూసుకుని వెళ్ళింది. యాత్రకి పట్టుకెళ్ళే మందుల జాబితా అతనికి చూపించింది. అతను పెన్సిలు తీసుకుని సగం కొట్టేశాడు.

"తలనొప్పి మాత్రలు ఆరువందలా? వెళ్ళేది వాక్యం చెప్పడానికా, వాళ్ళకి తలనొప్పి తెప్పించడానికా?"

"నా వాక్యం మీరు నాలుగు ఆదివారాలు విన్నారు. ఎన్ని మాత్రలు మింగారేంటి?"

"ఒక్కటీ లేదు," అని అతను మామూలు గొంతుతో అన్నాడు. "అందుకే కొట్టేశాను."

ఆ తరవాత అతను శనివారాలు చర్చికి వచ్చి యాత్ర బృందానికి ప్రథమ చికిత్స నేర్పాడు. కట్లు కట్టడం చూపించడానికి ప్రతిసారీ లోయిదా చెయ్యే కావాలనేవాడు. మిగతా ఐదుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. ఆమె మాత్రం ఏమీ గమనించనట్టే, కట్టు ఎక్కువ బిగించాడనీ తక్కువ బిగించాడనీ పోట్లాడుతూ ఉండేది. అతను రాని శనివారం వర్షం వల్లనని తెలిసినా రోడ్డు వైపు నాలుగుసార్లు చూసింది.

సంఘపెద్ద క్రిసోలోగోకి ఈ యాత్ర విషయంలో మొదటి నుంచీ ఒకటే దిగులు. పెళ్ళికాని ఆడది మగవాళ్ళున్న బృందాన్ని వెంటేసుకుని పరాయి దేశానికి పోవడమేమిటని నాలుగు కమిటీ మీటింగుల్లో అన్నాడు. నాలుగుసార్లూ ఆమె అదే జవాబు చెప్పింది. ఐదేళ్ళుగా ఈ సంఘానికి పెళ్ళిళ్ళు చేస్తున్నది, సమాధుల దగ్గర ప్రార్థన చేస్తున్నది పెళ్ళికాని ఆడదేనని. అక్కడితో ఆ మాట ముగిసిందనుకుంది.

ముగియలేదు. మే నెల రెండో ఆదివారం ప్రకటనల వేళ క్రిసోలోగో మైకు దగ్గరికి వచ్చాడు. ముఖమంతా సంతోషం. మన పాస్టరమ్మకీ, నర్సు ఆబ్నెర్‌కీ వివాహం నిశ్చయమైందనీ, మే ఆఖరున పెళ్ళి జరిపి, భర్త గల స్త్రీగా ఆమెని యాత్రకి సాగనంపుతామనీ, దేవుడు కమిటీ ప్రార్థన విన్నాడనీ ప్రకటించాడు.

జనం చప్పట్లు కొట్టారు. గాయకబృందంలో ఎవరో కళ్ళొత్తుకున్నారు. వేదిక మీద కుర్చీలో కూర్చున్న లోయిదాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని బైబిలు బరువెక్కింది. తన పెళ్ళి గురించి అందరికన్నా ఆఖరున తెలిసింది తనకే. లేచి మైకు దగ్గరికి రెండడుగులు వేసింది.

ఆమె నోరు తెరిచేలోగా నాలుగో బెంచీలో ఆబ్నెర్ లేచాడు. కొత్త చొక్కా, దగ్గరగా కత్తిరించిన జుట్టు. ఆమె వైపు ఒక్క క్షణం చూశాడు.

"ఈ పెళ్ళి నేను చేసుకోను," అని నడవా మధ్యలోంచి బయటికి వెళ్ళిపోయాడు.

లోయిదా అనబోయిందీ అదే మాట. కానీ అది అతని నోట ముందు రావడంతో ఇప్పుడు మూడువందల మంది తనని జాలిగా చూస్తున్నారు. ఆ జాలి మధ్యనే నిలబడి నలభై నిమిషాలు వాక్యం చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకి గుర్తు లేదు. ఎప్పటికన్నా బాగా చెప్పారని మాత్రం కొందరు అన్నారు.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. పెళ్ళి లేదు కనుక బృందంలోనే ఉన్న క్రిసోలోగో మేనల్లుడు జెథ్రో ఇక నాయకుడని తీర్మానించారు. పాస్టరమ్మ కూడా వెళ్ళవచ్చు, అనువాదమూ వంటా చూసుకోవచ్చు. జెథ్రో గిటారు చక్కగా వాయిస్తాడు. ఖ్మేరులో అతనికి నమస్కారం కూడా రాదు. తనకీ ఇది ఇష్టం లేదని అతను గొణిగితే మామయ్య వినయం మెచ్చుకున్నాడు.

సోమవారం పొద్దున లోయిదా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. ఆబ్నెర్ మందుల బీరువా సర్దుతున్నాడు.

"ఆ పెళ్ళి సంగతి మీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"మూడు రోజుల ముందు తెలుసు."

"మూడు రోజులు. నాతో ఒక్క మాట అనాలనిపించలేదు. సరే, వద్దనాలనుకుంటే నాతో వచ్చి చెప్పకూడదా? ఊరందరి ముందూ చెప్పాలా?"

"ముందు వద్దనుకోలేదండీ. అక్కడ మీ ముఖం చూశాక ఇక కుదరదనిపించింది."

లోయిదా ఒక అడుగు ముందుకు వేసింది.

"నా ముఖానికేమొచ్చింది?"

"అది కాదు..."

"నాలుగు శనివారాలు నా చెయ్యి పట్టుకుని కట్లు కట్టినప్పుడు బాగానే ఉందా నా ముఖం? నాకు మీరేమీ చెప్పక్కర్లేదు. ఇంకో ఇంజెక్షన్ మిగిలితే పట్నంలో వేయించుకుంటాను."

అతను పిలుస్తూ గుమ్మం దాకా వచ్చాడు. అప్పటికే ఆమె ఎక్కిన జీప్నీ బండి కదిలింది. దారి పొడుగునా కిటికీ అద్దంలో తన ముఖాన్నే చూసుకుంటూ మండిపడింది.

క్రిసోలోగో ఆ వారమే సొఫీప్ అవ్వకి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాడు. పాస్టరమ్మ అవివాహిత కావడం వల్ల ఇక నుంచి బ్రదర్ జెథ్రో నాయకత్వం వహిస్తాడని. పది రోజులకి జవాబొచ్చింది. రెండు పేజీలు, నిండా ఖ్మేరు అక్షరాలు, చేతిరాత. జెథ్రో ఫోనులో అనువాదం చేయించబోతే పంది, తెడ్డు, విధవరాలు అనే మూడు మాటలు మాత్రం తేలాయి. కమిటీ మధ్యాహ్నమంతా తర్జనభర్జన పడి, వేరే దారి లేక పాస్టరమ్మకి కబురు పెట్టింది.

బయట వాన దంచికొడుతోంది. హాల్లో కమిటీ, యాత్ర బృందం, అరిటాకుల్లో బుడ్‌బుడ్ అనే బియ్యం మిఠాయి చుడుతున్న స్త్రీల సమాజం వాళ్ళూ ఉన్నారు. మందుల పెట్టె అప్పగించడానికి వచ్చిన ఆబ్నెర్ తలుపు దగ్గర ఆగిపోయాడు. లోయిదా అతని వైపు చూడకుండా కాగితం అందుకుని, ముందు ఒకసారి కళ్ళతోనే చదివింది. తరవాత పైకి చదవడం మొదలుపెట్టింది.

"పెద్దగారికి సొఫీప్ రాయునది. మీ ఉత్తరం మా మనవరాలు చదివి చెప్పింది. భర్త లేడని లోయిదాని పక్కన పెట్టామన్నారు. నా భర్త పోయి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచి ఈ సంఘాన్ని నేనే నడుపుతున్నాను. తుఫానులో చర్చి పడవ కొట్టుకుపోతే, ఊళ్ళో ఆడవాళ్ళం తెడ్లు వేసి వెనక్కి తెచ్చాం. మీ లెక్క ప్రకారం నేను కూడా పక్కకి తప్పుకోవాలా, చెప్పండి."

అరిటాకులు చుడుతున్న చేతులు ఆగిపోయాయి.

"మా ఆడవాళ్ళు రెండేళ్ళుగా లోయిదా గొంతు ఫోనులో వింటున్నారు. పద్దెనిమిదిమంది పలకలు కొనుక్కుని కూర్చున్నారు. ఆమె ముందు నడిచి వస్తే మీరందరూ రండి. లేకపోతే ఎవరూ రావద్దు. మేము పెంచుతున్న పందిని పండక్కి కోసుకుంటాం."

అక్కడ లోయిదా కాగితం మడిచింది.

"ఇంకో నాలుగు వరసలున్నాయి కదా పాస్టరమ్మా," అన్నాడు పక్కనే తొంగిచూస్తున్న జెథ్రో.

"అవి సొంత విషయాలు."

"ఉత్తరం కమిటీకి వచ్చింది," అని క్రిసోలోగో బిగుసుకుని అన్నాడు. "మొత్తం చదవండి."

ఆమె మళ్ళీ కాగితం విప్పింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక లోయిదాతో నా మాట. నువ్వు ఫోనులో ఎప్పుడూ తిట్టిపోసే ఆ నర్సు సంగతి. ఇష్టం లేని మనిషిని అన్నిసార్లు ఎవరూ తిట్టరు. తొందరపడకు. మంచివాడైతే నువ్వు తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటాడు."

ముందు పూరింగ్ పిన్ని నవ్వింది. తరవాత హాలంతా నవ్వింది. లోయిదా నవ్వలేదు. నవ్వు ఆగేదాకా నిలబడి క్రిసోలోగో వైపు తిరిగింది. ఆమె గొంతు పెరగలేదు.

"మీ అమ్మగారి ఆఖరి ఘడియల్లో చెయ్యి పట్టుకుని కూర్చున్నాను నేను. ఆ రోజు నాకు మొగుడున్నాడా అని మీరు అడగలేదు. నన్నడగకుండా నాకు పెళ్ళి కుదిర్చారు. అది చెడితే నా పని లాక్కున్నారు. ఆ పరాయి ఊరి అవ్వకి ఉన్న గౌరవం నా సొంత సంఘానికి నా మీద లేకపోయింది."

అప్పటికే బృందంలో ఐదుగురూ, జెథ్రోతో సహా, వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. పొరపాటైందని క్రిసోలోగో చివరికి ఒప్పుకున్నాడు. ఆ మాట వచ్చే ఆదివారం అదే మైకులో చెప్పాలని ఆమె అడిగింది. చెప్తానన్నాడు.

ఆమె వసారాలోకి వచ్చేసరికి పూరింగ్ పిన్ని వెంటపడి వచ్చి చెయ్యి పట్టుకుంది. తప్పంతా తనదేనంది. కమిటీ తనని పంపితే, పాస్టరమ్మ ఒప్పుకుందని ఆబ్నెర్‌తో తానే అబద్ధం చెప్పిందట, పెళ్ళిదాకా సిగ్గుపడుతుంది, ఏమీ అడగొద్దని కూడా చెప్పిందట. ఆ మూడు రోజులూ వాడు నేల మీద నడవలేదని, వాళ్ళమ్మకి కబురు పంపాడని, జుట్టు కత్తిరించుకుని కొత్త చొక్కా కొన్నాడని చెప్పింది. చర్చిలో ఆమె ముఖం చూడగానే ఆమెని ఎవరూ అడగలేదని వాడికి తెలిసిపోయిందట.

పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. వసారా చివర గొడుగు లేక ఆగిపోయిన ఆబ్నెర్ దగ్గరికి లోయిదా నడిచింది. ఆమెకి ఇంకా కోపంగానే ఉంది, కానీ ఎవరి మీదో ఇప్పుడు తెలియడం లేదు.

"అది నాకు సరిగ్గా చెప్పి చావొచ్చుగా," అంది.

"పాస్టర్లు అలా మాట్లాడతారా?"

"ఆబ్నెర్ గారూ."

"చెప్పబోయాను. జీప్నీ వెళ్ళిపోయింది. ఆ తరవాత చెప్తే, మళ్ళీ మిమ్మల్ని ఒప్పించడానికి వచ్చిన ఇంకో మనిషినవుతాను అనిపించింది. మీకు అప్పటికే సరిపడా ఉన్నారు."

వాన చూరు నుంచి ధారగా పడుతోంది.

"బృందంతో నర్సుగా నేనూ రానా?" అన్నాడతను. "సెలవు దొరుకుతుంది."

"వద్దు. వస్తే, మొగుడు కాబోయేవాణ్ణి వెంట తెచ్చుకుందంటారు. నేను నేనుగా వెళ్ళి రావాలి."

"సరే," అన్నాడు వెంటనే. తరవాత నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. "మొగుడు కాబోయేవాడా?"

లోయిదా పెదవి కొరుక్కుంది. నోరు జారినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. కానీ జారిన మాటని వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఈసారి ఎవరినో పంపించి అడిగించను," అంది. "నేనే అడుగుతున్నాను. తొమ్మిది వారాలు ఆగి, నన్ను..."

"ఆగుతాను. చేసుకుంటాను."

"పూర్తిగా అడగనివ్వరా?"

"అడగండి."

ఆమె మొదటి నుంచీ మళ్ళీ అడిగింది, ఒక్క మాట కూడా తగ్గించకుండా. అతను చేతులు కట్టుకుని చివరిదాకా విని, ఔనన్నాడు. హాలు కిటికీ దగ్గర ఎవరో గబుక్కున పక్కకి తప్పుకున్నారు.

"మరి కమిటీకి ఎవరు చెప్తారు?" అన్నాడతను గొంతు తగ్గించి.

"ఎవరూ చెప్పరు," అంది లోయిదా కిటికీ వైపు చూస్తూ, లోపలివాళ్ళకి వినపడేలా. "ఆగస్టులో శుభలేఖ ఇస్తాం. చదువుకుంటారు."